చెడిపోని రోడ్డుపై విచారణ

ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, ఈ ఊరి ఆసుపత్రి రోడ్డు వానాకాలం వెళ్ళిపోయినా చెడిపోలేదు. దీనిపై విచారణ జరుగుతోంది. ఎవరూ ఆందోళన చెందవలసిన పని లేదు.

రోడ్డు చెడిపోతే ఏం చెయ్యాలో రోడ్ల శాఖకు బాగా తెలుసు. ఏమీ చెయ్యనక్కరలేదు. మరుసటి ఏడు మళ్ళీ వేస్తే సరిపోతుంది. దానికి పద్ధతి ఉంది, అలవాటు ఉంది, మనుషులున్నారు. చెడిపోకపోతే ఏం చెయ్యాలో మాత్రం ఏ నిబంధనలోనూ లేదు. శాఖవారి పట్టికలో ప్రతి రోడ్డుకూ రెండు గడులుంటాయి. ఒకటి వేసిన తేదీకి, రెండోది పోయిన తేదీకి. ఆసుపత్రి రోడ్డుకు రెండో గడి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ గడి ఉన్న కాగితం మీద ఏ పై అధికారీ సంతకం పెట్టడు.

ఈ అనర్థానికి కారకుడు చిన్న ఇంజనీరు. మనిషి మంచివాడే. కాకపోతే ఒక దురలవాటు ఉంది. తాను వేసిన రోడ్డు మీద తానే వెళతాడు. అనుభవం ఉన్న ఇంజనీర్లు అలాంటి పని చెయ్యరు. ఒక వైపు రోడ్డు వేసి, ఇంకో వైపు ఇల్లు కట్టుకుంటారు. ఈయన ఇల్లు, ఆయన భార్య నడిపే కోడిగుడ్ల కొట్టు, రెండూ ఆసుపత్రి రోడ్డు మీదే ఉన్నాయి. రోజూ పొద్దున బస్టాండు దగ్గరి గోదాములో గుడ్లు తీసుకుని, అట్టలు ఒళ్ళో దొంతరగా పెట్టుకుని, ఆవిడ స్కూటరు వెనక కూర్చుని వచ్చేది.

కిందటి ఏడు ఆ రోడ్డు మీదే, ఆసుపత్రి గేటు ముందు, స్కూటరు గుంతలో పడింది. గుడ్లన్నీ ఏకమయ్యాయి. ఆవిడ లేచి, జుట్టులోంచి పచ్చసొన తుడుచుకుని, నలుగురూ చూస్తుండగా అడిగింది.

"ఏవండీ, ఈ రోడ్డు వేసిందెవరు?"

"నేనే."

"ఎప్పుడు?"

"వానలకు ముందు."

"సరే. ఒక్క వానాకాలం నిలిచే రోడ్డు వెయ్యండి. ఆ రోజు ఇన్ని గుడ్లూ ఒళ్ళో పెట్టుకుని మీ వెనకాల కూర్చుంటా. అందాకా నా కాళ్ళు నాకున్నాయి."

ఆవిడ మాట మీద నిలబడే మనిషి. ప్రభుత్వ కొలువుతో ఆవిడకు ఏ సంబంధమూ లేదు. ఆ మర్నాటి నుంచీ గుడ్ల అట్టలు పట్టుకుని నడిచింది. ఆయన పక్కనే మొదటి గేరులో స్కూటరు నడుపుతూ ఆవిడ అడుగులకు తగ్గట్టు వచ్చాడు. వెనక సీటు ఖాళీ. కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు అదేదో ఊరేగింపు అనుకుని దారి ఇచ్చేవారు.

కాబట్టి చిన్న ఇంజనీరుకు కావలసింది పదోన్నతి కాదు, పేరూ కాదు. ఆ సీటు నిండటం.

ఆయన పుస్తకాలు తిరగేశాడు. శాఖలో ఇది రెండో దురలవాటు. వేడి కంకరలో పాలియెస్టర్ పోగులను చిన్న చిన్నగా కత్తిరించి కలిపి, ఆ తరవాత తారు పోస్తే, ఆ పోగులు లోపల అల్లుకుని రోడ్డును పట్టి ఉంచుతాయని ఒక చోట చదివాడు. పగుళ్ళు రావు, చక్రాల దారి కుంగదు. మట్టిగోడలో గడ్డి కలిపే సంగతి చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు కనక వెంటనే నమ్మాడు. నమ్మి, పెద్ద ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు.

"రోడ్డులో దారమేమిటయ్యా? చొక్కా కుడుతున్నావా?" అన్నాడు పెద్ద ఇంజనీరు.

చిన్న ఇంజనీరు వివరించాడు. పెద్దాయన కళ్ళు మూసుకుని ఏకాగ్రతతో విన్నాడు.

"ఇలా ఇంకెక్కడైనా వేశారా?"

"చాలా చోట్ల వేశారు సార్."

"అందరూ వేసేశాక మనం వేస్తే గొప్పేముంది?"

"ఈ చుట్టుపక్కల ఎవరూ వెయ్యలేదు సార్."

"ఎవరూ వెయ్యనిది మనకెందుకు?"

ఈ వాదానికి ఎదురు లేదు. అయినా పెద్ద ఇంజనీరు చివరికి సంతకం పెట్టాడు. కాగితం పైన 'ప్రయోగాత్మకంగా' అన్న మాట ఉంది. ప్రయోగం అంటే విఫలం కావడానికి ముందుగా అనుమతి తీసుకోవడం. అంత మంచి అనుమతి ఎవరు కాదంటారు?

ఇక మిగిలింది కాంట్రాక్టరు. ఈయన చిన్న ఇంజనీరుకు స్వయానా బావ, గుడ్ల కొట్టావిడకు అన్న. ఇందులో తప్పేమీ లేదు. టెండరు పిలిచిన రోజున మిగతా కాంట్రాక్టర్లందరికీ వేరే పనులుండటం ఎవరి తప్పూ కాదు.

"బావా, నీకు మా చెల్లెల్ని ఇచ్చాం. నీకు మేమేం అన్యాయం చేశాం?" అని ఆయన కంటతడి పెట్టాడు. "రోడ్డన్నాక పోవాలి బావా. అది ఉండిపోతే మనం పోతాం."

"ఒక్కసారి వేసి చూద్దాం బావా."

"ఇంతకీ ఆ పోగులు, కలిపేశాక పైకి కనిపిస్తాయా?"

"కనిపించవు."

కాంట్రాక్టరు మొహం విప్పారింది. "కనిపించవా! ఆ ముక్క ముందు చెప్పొద్దూ? తప్పకుండా కలుపుదాం."

కానీ చిన్న ఇంజనీరు తారు ప్లాంటు దగ్గర ఖాళీ డ్రమ్ము బోర్లించుకుని కూర్చున్నాడు. పోగుల సంచి ప్రతిదీ ఆయన కళ్ళెదుటే చించారు, ఆయన కళ్ళెదుటే కంకరలో పోశారు. పోగులు విడివడే దాకా పొడిగా తిప్పించి, అప్పుడు తారు వదలమనేవాడు. తొందరపడితే పోగులు దూది ఉండల్లా ముద్ద కడతాయి. కాగితం మీద రాసినదంతా నిజంగానే రోడ్డులోకి వెళ్ళిపోవడం కాంట్రాక్టరు తన జీవితంలో మొదటిసారి చూశాడు. సాయంత్రానికి జ్వరం వచ్చి మంచమెక్కాడు. డాక్టరు వచ్చి చూసి, జబ్బేమీ లేదని, ఎప్పుడూ లేనిది చూస్తే ఒళ్ళు అలాగే తిరగబడుతుందని చెప్పి వెళ్ళాడు.

వానలొచ్చాయి. చిన్న ఇంజనీరు రోజూ గొడుగేసుకుని వెళ్ళి, పరీక్ష రాసే కొడుకుని కిటికీలోంచి చూసే తండ్రిలా రోడ్డును చూసి వచ్చేవాడు. మిగతా రోడ్లు శాఖ అంచనాల ప్రకారం సకాలంలో పోయాయి. ఆసుపత్రి రోడ్డు మాత్రం కడిగిన పలకలా ఉండిపోయింది. జనానికి మొదట్లో కొంచెం ఇబ్బంది అయింది. పాత గుంతలున్న చోట అలవాటుగా బండి పక్కకు తిప్పేవారు. లేని గుంతను తప్పించబోయి ఇద్దరు గుద్దుకున్నారు కూడా. వాళ్ళను తీసుకెళ్ళడానికి మాత్రం రోడ్డు బాగుంది.

వానలు వెలిశాయి. ఆవిడ కొట్టులో కూర్చుని రోడ్డు వైపు చాలాసేపు చూసి, "ఆదివారం ఎక్కుతా లెండి" అంది. మామూలుగానే అంది. ఆయనకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో.

ఆదివారం దాకా ఊరుకుంటే ఈ కథ లేదు. ఊరుకోలేకపోయాడు. ఆవిడ చేతిలో ఏదో ఒకటి పెట్టాలనిపించింది. శాఖ దగ్గర కోర్ మిషను అని ఒకటుంది. పళ్ళున్న ఇనప గొట్టం గిర్రున తిరుగుతూ రోడ్డులోకి దిగి, గుండ్రటి ముక్కను కోసుకుని పైకి తెస్తుంది. రోడ్డు లోపల ఏముందో చూడటానికి పెట్టిన యంత్రం కనక దాన్ని అంతవరకూ ఎవరూ వాడలేదు. చిన్న ఇంజనీరు దాన్ని తెచ్చి, సరిగ్గా తమ కొట్టుకు ఎదురుగా, ఒక ముక్క తీశాడు.

ముక్క చాలా అందంగా వచ్చింది. నల్లగా, నున్నగా, లోపల బూడిదరంగువీ గులాబీరంగువీ రాళ్ళు, కోసిన అంచున సన్నగా మెరుస్తూ పోగులు. కన్నంలో మామూలు తారు కంకర వేసి కాలితో నొక్కి, ముక్కను రుమాల్లో చుట్టి తీసుకెళ్ళి గల్లాపెట్టె పక్కన పెట్టాడు.

"ఏంటండీ ఇది?"

"మన రోడ్డు."

ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఇక్కడుంటే, అక్కడేముంది?"

"పూడ్చేశాను."

"పోగులేసేనా?"

ఆయన రుమాలు మడత పెట్టుకున్నాడు.

"ఏవండీ, నేను కొట్టు నడుపుతున్నాను. గుడ్డు మంచిదా కాదా అంటే దీపానికి ఎదురుగా పట్టి చూపిస్తాను. పగలగొట్టి చూపిస్తానా?"

"లోపల ఎంత బాగుందో చూస్తావని…"

"లోపల నాకెందుకు? నేను కూర్చునేది పైన."

అయినా పారెయ్యలేదు. గుడ్లు చుట్టి ఇచ్చే పాత పేపర్లు ఫ్యాను గాలికి ఎగరకుండా వాటి మీద పెట్టుకుంది.

ఆ సాయంత్రమే పెద్ద ఇంజనీరు గుడ్లకు వచ్చాడు. పేపర్ల మీది ముక్క చూశాడు. చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. తన గదిలో ఎగిరిపోయే కాగితాలు ఆయనకు గుర్తొచ్చాయి. మర్నాడు ఆఫీసులో చిన్న ఇంజనీరును పిలిచి, "ఏమయ్యా, గుడ్ల కొట్టులో ఉన్నది నా బల్ల మీద లేకపోతే ఆఫీసుకు పరువేనా?" అన్నాడు. నిజమే, పరువు కాదు. ఒక ముక్క తీశారు.

ఆదివారం ఆవిడ గుడ్ల అట్టలతో గోదాము ముందు నిలబడింది. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. రోడ్డు చెడిపోకపోవడానికి గల కారణాలను నిగ్గు తేల్చడానికి విచారణ సంఘం వచ్చింది. సభ్యులు రోడ్డును పైనుంచి చూసి, బాగుంది కాబట్టి ఏమీ తెలియడం లేదని అభిప్రాయపడ్డారు. కారణం లోపల ఉంటుంది కనక సభ్యుడికొకటి చొప్పున ముక్కలు తీశారు. తన ముక్కలో గులాబీ రాయి లేదని ఒక సభ్యుడు నొచ్చుకుంటే ఆయనకు మరొకటి తీశారు. ప్రజాస్వామ్యంలో ఎవరినీ నొప్పించకూడదు.

"వచ్చే ఆదివారం" అన్నాడు చిన్న ఇంజనీరు.

"తొందరేముంది? నడక అలవాటైపోయింది" అంది ఆవిడ.

వచ్చే ఆదివారానికి ఆడిట్‌వాళ్ళు వచ్చారు. నిష్పక్షపాతంగా ఉండాలని ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి తీశారు. ఆసుపత్రి పెద్ద డాక్టరు, రోడ్డు తన గేటు ముందే ఉంది కనక మొదటి హక్కు తనదని రాశాడు. ఇచ్చారు. కాలేజీవారు ప్రదర్శన కోసం అడిగారు. ఇచ్చారు. పుస్తకాలు పడిపోకుండా అటొకటీ ఇటొకటీ పెట్టుకుంటానని గ్రంథాలయాధికారి జత అడిగాడు. చదువుకు సంబంధించిన విషయం కనక కాదనలేకపోయారు. పక్క ఊళ్ళ నుంచి అధికారులు గుంపులుగా వచ్చి, ఇంత మంచి రోడ్డు తామెన్నడూ చూడలేదని పొగిడి, ఆ రోడ్డును కొంచెం కొంచెంగా తీసుకెళ్ళారు. పదవీ విరమణ చేసేవాళ్ళకు పూలగుత్తికి బదులు అదే ఇవ్వసాగారు. ముక్క లేని బల్లకు విలువ లేకుండా పోయింది. ఒక గుమాస్తా కూతురికి సంబంధం కుదిరేటప్పుడు అబ్బాయి తరఫువాళ్ళు హాలంతా చూసి, "మీకు ఇంకా రాలేదా?" అని అడిగారట.

కాంట్రాక్టరు మంచం దిగాడు. కన్నం ఉన్న చోటల్లా పూడ్చాలి కదా. దానికి 'రంధ్ర పూరణ పథకం' అని వేరే పని పుట్టింది. ఇసకా, ఇటుక ముక్కలూ, చేతికి ఏది దొరికితే అది వేసి, పైన తారు పూసి, ఆయన మళ్ళీ మనిషయ్యాడు. బుగ్గలు నిండాయి.

"బావా, నీ పోగుల మహిమ నాకు అప్పుడు తెలియలేదు. వానకు పోయే రోడ్డు ఏడాదికి ఒక్కసారే పోతుంది. ఇది రోజూ పోతోంది!" అని చిన్న ఇంజనీరును కౌగిలించుకున్నాడు.

చిన్న ఇంజనీరు పెద్ద ఇంజనీరు దగ్గరికి పరిగెత్తాడు. "సార్, ఇలా తీసుకుంటూ పోతే రోడ్డు మిగలదు."

"గట్టి రోడ్డు అన్నావు కదయ్యా? తట్టుకోదా?"

"తట్టుకుంటుంది సార్. అక్కడ ఉంటే."

అప్పుడు మంత్రిగారు వచ్చారు. రిబ్బను కత్తిరించడం పాత పద్ధతి కనక ఆయన చేత మిషను మీట నొక్కించి ముక్క తీయించారు. ఆ ముక్కను తల మీదికెత్తి ఆయన ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! ఈ రోడ్డు ఎందుకు చెడిపోలేదని కొందరు గిట్టనివాళ్ళు అడుగుతున్నారు. నేను వాళ్ళను సూటిగా అడుగుతున్నాను. మీ హయాంలో ఏ ఒక్క రోడ్డు లోపల ఏముందో ప్రజలకు చూపించారా? దాచారు! ఎన్నో ఏళ్ళుగా రోడ్ల లోపలి నిజాన్ని రోడ్ల కిందే దాచారు! మేం బయటికి తీస్తున్నాం. ఎంత తవ్వితే అంత నాణ్యత బయటపడుతోంది. ఆఖరి ముక్క వరకూ ఈ రోడ్డును తెచ్చి మీ చేతుల్లో పెడతానని ఈ వేదిక మీద నుంచి హామీ ఇస్తున్నాను!"

చప్పట్లు మారుమోగాయి. ఆ ఊళ్ళో పూర్తిగా నెరవేరిన హామీ అదొక్కటే.

చివరగా రాజధాని ప్రయోగశాల నుంచి పరిశీలకుడు దిగాడు. మహా నిజాయితీపరుడు. మంచినీళ్ళు కూడా ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. ఎక్కడ తవ్వాలో తనకు ఎవరూ చెప్పకూడదని, కళ్ళు మూసుకుని రోడ్డు మీదికి తన టోపీ విసిరాడు. టోపీ పడిన చోట మిషను దించారు. పాపం, అప్పటికి రోడ్డు కంటే పూడ్చిన చోట్లే ఎక్కువ. గొట్టంలోంచి ఇసక, ఇటుక ముక్క, నలిగిన సిగరెట్టు పెట్టె వచ్చాయి. పోగు ఒక్కటి లేదు.

"సార్, అది పూడ్చిన చోటు. కొంచెం పక్కన చూడండి" అన్నాడు చిన్న ఇంజనీరు.

"మీరు చెప్పిన చోట తవ్వితే నా నిజాయితీ ఏం కావాలి?" అన్నాడు పరిశీలకుడు.

ఆయన తీర్పు తర్కానికి కట్టుబడి ఉంది. రోడ్డులో పోగులు లేవు. పోగులు లేకుండా రోడ్డు వానకు ఆగడం అసంభవం. కావున రోడ్డు వానకు పోయినట్టే భావించాలి.

రెండో గడి నిండింది. పెద్ద ఇంజనీరు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని సంతకం పెట్టాడు. చిన్న ఇంజనీరు ఆయన బల్ల వైపు వేలు చూపించాడు.

"సార్, మీ కాగితాల మీద ఉన్నది చూడండి. అంచున పోగులు కనిపిస్తున్నాయి."

పెద్దాయన జాలిగా నవ్వాడు. "అది పేపర్ వెయిటయ్యా. రోడ్డు కాదు."

రోడ్డంతా పెకలించి, పోగులు లేకుండా పాత పద్ధతిలో వెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. సోమవారం పని మొదలు. కాంట్రాక్టరు సంతోషం పట్టలేక చెల్లెలికి కొత్త చీర పంపాడు.

దానికి ముందు ఆదివారం పొద్దున చిన్న ఇంజనీరు ఎప్పటిలా స్కూటరు మొదటి గేరులో వేసి, గోదాము దగ్గర ఆవిడ నడక మొదలుపెట్టడం కోసం చూస్తున్నాడు. ఆవిడ నడవలేదు. అట్టలు ఒళ్ళోకి తీసుకుని వెనక సీట్లో కూర్చుంది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "రోడ్డు పోయింది కదా" అన్నాడు.

"వానకు పోయిందా?"

"లేదు."

"మరి నేనన్నది వాన సంగతే. మనుషుల సంగతి ముందే తెలిస్తే అది కూడా చెప్పేదాన్ని. పోనివ్వండి."

స్కూటరు కదిలింది. ఏడాది తరవాత ఆయన రెండో గేరు వేశాడు. పూడ్చినవన్నీ అప్పటికే కుంగి మళ్ళీ కన్నాలయ్యాయి. కన్నానికీ కన్నానికీ మధ్య మిగిలిన రోడ్డు మీద బండి నూనె మీద జారినట్టు వెళ్ళింది. గుడ్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడు కూడా లేదు. కన్నం వచ్చినప్పుడల్లా ఆయన ఒడుపుగా తప్పిస్తున్నాడు. ప్రతిదీ ఆయనకు చుట్టంలా తెలుసు.

"ఇదెవరిది?" అంది వెనక నుంచి.

"ఆడిట్‌వాళ్ళది."

"ఆ అవతలిది?"

"అదీ వాళ్ళదే. నిష్పక్షపాతం."

"అమ్మో, ఆ జంట కన్నాలు?"

"మంత్రిగారివి. మొదటిసారి ఫొటోలో కళ్ళు మూసుకున్నారు."

ఆవిడ నవ్వింది. ఆయన వీపుకు ఆ నవ్వు తగిలింది. పెద్ద డాక్టరుది తప్పించాడు, గ్రంథాలయం జత మధ్యలోంచి దూరాడు, టోపీ పడిన చోటును చుట్టి వచ్చాడు. కొట్టు కనిపించింది. ధీమాగా తల తిప్పి ఆవిడ మొహం చూడబోయాడు. ముందు చక్రం కొట్టు ఎదుట కన్నంలోకి దిగింది. బండి పడలేదు గానీ పై అట్టలోంచి ఒక గుడ్డు ఎగిరి ఆయన మెడ మీద పగిలింది.

ఆయన కాళ్ళు నేలకు ఆనించి బండి ఆపాడు.

"మంత్రిగారిది దాటారు, ఆడిట్‌వాళ్ళది దాటారు" అంది ఆవిడ. "ఇదెవరిదండీ?"

ఆయన చొక్కా లోపలికి సొన కారుతోంది. ఆవిడ కొంగుతో ఆయన మెడ తుడుస్తూ, అట్టలు పడకుండా గడ్డంతో అదిమి పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగే దాకా నవ్వింది. నవ్వు ఆగాక అంది.

"రోడ్డు మాత్రం బాగుందండీ."

శాఖ తరఫున ఆయనకు వచ్చిన ప్రశంస అదొక్కటే. అది కూడా శాఖ ఇవ్వలేదు.

సోమవారం రోడ్డు పెకలించారు. కొత్త రోడ్డు వేశారు. మొదటి వానకు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, పద్ధతిగా పోయింది. విచారణ ముగిసింది. ఆవిడ గుడ్లు పట్టుకుని నడుస్తోంది, ఆయన పక్కన మొదటి గేరులో వెళుతున్నాడు.

పోగులేసిన రోడ్డు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కావాలంటే వెళ్ళి చూడవచ్చు. ఆఫీసు బల్లల మీద, అద్దాల అల్మారాల్లో, టీవీల పక్కన, వానా ఎండా తగలకుండా భద్రంగా ఉంది. ఆ రోడ్డును ఎవరూ పాడు చెయ్యలేదు. ఎవరికి వారు ఒక్క ముక్కే తీసుకున్నారు.

మీ ఇంట్లో ఉన్నది కూడా ఒక్కటే కదా.